జోకు ఎవరి మీద?

1991లో ఎమ్‌టీవీ ‘హెడ్‌బ్యాంగర్స్ బాల్’ షోకి కర్ట్ కొబేన్ పసుపుపచ్చ గౌను వేసుకొచ్చాడు. చూసేది మెటల్ సంగీతం కుర్రాళ్ళు. వెక్కిరింపు మగతనపు డాబు మీద. మరుసటేడు ‘ఇన్‌సెస్టిసైడ్’ ఆల్బమ్ నోట్స్‌లో సూటిగానే రాశాడు: స్వలింగ ప్రేమికుల్ని, ఆడవాళ్ళని, వేరే రంగు మనుషుల్ని ద్వేషించేవాళ్ళు మా కచేరీలకి రావద్దని.

మన టీవీ కామెడీ షోల్లోనూ మగాళ్ళు చీర కడతారు. కట్టడం తప్పేం కాదు. కానీ అక్కడ జోకల్లా ఆ నడక, ఆ గొంతు. మర్నాడు క్లాసులో మెత్తగా మాట్లాడే పిల్లాణ్ణి ఆ వేషం పేరుతోనే పిలుస్తారు. నన్నూ పిలిచారు.

“సరదాకే కదండీ” అంటారు. సరదా ఎవరికి?

నిర్వాణా టీషర్టు వేసుకుని ఆ స్కిట్‌కి పడీపడీ నవ్వే మిత్రమా, ఆయన రావద్దన్నది నిన్నే.