సెకండ్ హ్యాండ్ ఇసుజు చవగ్గా వస్తోందా?

రైతన్నలూ, ఇసుజు డీ-మ్యాక్స్ పికప్పులు 2016 నుంచి మనకి దక్షిణాన, తడ దగ్గర శ్రీసిటీలోనే తయారవుతున్నాయి. అయినా మన కావలి చుట్టుపక్కల బొలెరోలే ఎక్కువ. అందుకే పాత ఇసుజు చవగ్గా వస్తే మనసు లాగుతుంది.

గేర్ల బండే, తోలడానికి భయం లేదు. లోడుతో చెరువు కట్ట దిగేటప్పుడు ఫస్ట్ గేరులో వేస్తే ఇంజనే పట్టి దింపుతుంది.

కానీ ధర అడిగే ముందు మీ మెకానిక్‌ని అడగండి: సామాను ఎక్కడ దొరుకుద్ది, ఎన్ని రోజులకి వస్తుంది? రొయ్యలు పట్టిన రోజు బండి షెడ్డులో ఉంటే, మిగిలిందనుకున్న డబ్బు కిరాయికీ ఐసుకీ పోద్ది. మనది ఉప్పుగాలి, ఛాసిస్ కింద తుప్పు చూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందేమో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

మళ్ళీ అమ్మబోతే అడిగేవాళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి మనమే తోలుకునేటట్టయితే కొనండి. లేదంటే బొలెరోనే మేలు. మీరేమంటారు?