పాత బొమ్మలకి కొత్త రంగులు వెయ్యొచ్చా?

ఆఫీసులో నా డెస్కు మీద మానిటర్ కింద ఒక గోబ్లిన్ ఉంటుంది. బొటనవేలంత బొమ్మ. ఆకుపచ్చ మొహం, పెద్ద ముక్కు, చేతిలో విల్లు. ఎనభైల్లో ఇంగ్లండులో సీసం కలిపిన లోహంతో పోత పోసింది. చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంత?" అని. రెండోది "పెళ్లెప్పుడు?" అని :)

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇలాంటి బొమ్మల్ని రెండు సైన్యాలుగా టేబుల్ మీద నిలబెట్టి, టేపుతో కొలుచుకుంటూ జరుపుతూ, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. 1913 లోనే హెచ్.జి.వెల్స్ అంతటాయన బొమ్మ సైనికులతో ఆడే ఆటకి నియమాలు రాసి పుస్తకం వేశాడు. కాబట్టి "ఇంత వయసొచ్చి బొమ్మలాటా" అనేవాళ్లు ముందు ఆయన్ని అడగాలి. సిటడెల్ మినియేచర్స్ 1979 లో మొదలైంది, వార్‌హామర్ ఆట 1983 లో వచ్చింది. ఆ పాత ఫాంటసీ ఆటని 2015 లో ఆపేశారు. జనం ఊరుకోలేదు, 2024 లో 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో మళ్లీ తెచ్చారు. ఈలోపు ఎనభైల నాటి బొమ్మలే కావాలని వెతికి కొనుక్కునే పిచ్చివాళ్ల గుంపు ఒకటి తయారైంది, తమకి తాము 'ఓల్డ్‌హామర్' అని పేరు పెట్టుకుంది. నేనూ ఆ గుంపులో చివరి బెంచీ. ఆట ఆడింది తక్కువ, రంగులు వేసిందే ఎక్కువ.

ఇందులో పెద్ద సరదా కన్వర్షన్. (పాకాల జంక్షన్‌లో పుట్టినవాడికి కన్వర్షన్ అంటే మీటర్ గేజ్ తీసి బ్రాడ్ గేజ్ వెయ్యడమే గుర్తొస్తుంది, ఇది వేరే.) ఒక బొమ్మ చెయ్యి కోసి ఇంకోదానికి అతికించడం, కత్తి తీసి గొడ్డలి పెట్టడం, ఖాళీల్లో పుట్టీ నింపి గడ్డమో బొచ్చో చెక్కడం. అక్కడివాళ్లు గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ వాడతారు. నీలం, పసుపు రెండూ కలిపి పిసికితే ఆకుపచ్చ అవుతుంది. నేను మొదట్లో ఎం-సీల్‌తో కానిచ్చాను. కుళాయి లీకు ఆపడానికి బాగుంటుంది గానీ గోబ్లిన్ ముక్కుకి మాత్రం గరుకు.

పాత బొమ్మలు చాలావరకు ఎవరో ఒకరు రంగు పూసినవే దొరుకుతాయి. అందుకని ముందు ఆ రంగు వదలగొట్టాలి. దీనికి ఇంగ్లండువాళ్ల చిట్కా ఏమిటో తెలుసా? డెటాల్! ఒకట్రెండు రోజులు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రంగు ఊడొస్తుంది. కాకపోతే నేరుగా నీళ్లలో కడిగితే అదంతా జిగురు ముద్దయి కూర్చుంటుంది, అందుకే మళ్లీ డెటాల్‌తోనే తుడిచి ఆ తర్వాత కడగాలి. లోహానికైతే అసిటోన్ కూడా పనిచేస్తుంది, ప్లాస్టిక్ అయితే కరిగిపోతుంది. ఇంకో సంగతి, ఈ కంపెనీ 1997 దాకా వాడింది సీసం కలిసిన లోహమే. కాబట్టి చేతికి గ్లవ్స్ ఉండాలి, పిల్లలకి అందనివ్వకూడదు, ఆకురాయితో గీకేటప్పుడు ఆ పొడి పీల్చకూడదు.

ఇంత తెలిసినవాణ్ణి కదా. ఈ దసరాకి ఊరెళ్లి మా అవ్వ బొమ్మల పెట్టె మీద పడ్డాను.

మా ఇంట్లో దసరాకి కొలువు పెడతారు. అడ్డ పంచె, బొర్ర వేసుకున్న శెట్టి, పక్కన శెట్టెమ్మ, ముందర చిన్న చిన్న గిన్నెల్లో పప్పులు, బియ్యం. పై మెట్టు మీద ఎర్రచందనం రాజా-రాణీ జంట, అవ్వ పెళ్లప్పుడు వాళ్ల నాయన తిరుపతిలో కొనిచ్చినవి. మరపాచి బొమ్మలంటారు. వీటికి ప్రతి ఏడూ కొత్త బట్టలు కుట్టి కడతారు. ఆలోచిస్తే అదీ కన్వర్షనే. ఒక్క కోత లేకుండా, ఒక్క చుక్క జిగురు లేకుండా ఒక ఏడు కృష్ణదేవరాయలు, ఇంకో ఏడు పెళ్లికొడుకు.

శెట్టెమ్మకి రంగు మందంగా పేరుకుపోయి ఉంది, ఒకదాని మీద ఒకటి. కళ్లు రెండు మచ్చల్లా అయిపోయాయి. "అవ్వా, నేను బాగు చేస్తా చూడు" అని బేసిన్‌లో డెటాల్ పోసి నానబెట్టి టీవీ ముందు కూర్చున్నాను. అది కాగితం గుజ్జు బొమ్మ. గంట తర్వాత చూస్తే ఎడమ చెంప మెత్తగా నా వేళ్లకి అంటుకుని వచ్చేసింది.

"ఇంజినీరింగు చదివినోడివి, కాగితం నానితే ఏమైతుందో తెలీదా?" అని మా అమ్మ తిట్టింది. ఆ తిట్టు న్యాయమైనదే, దాంతో నాకు గొడవ లేదు. అవ్వ తిట్టలేదు. బొమ్మని చేతిలోకి తీసుకుని, "ఏటేటా నేను దిద్దిన బొట్టురా ఇది, పోయిందే" అనింది అంతే. కొత్తది తెస్తాలే అన్నాను. "కొత్తవి అంగట్లో ఉండాయిలే నాయనా" అనింది.

నేను మురికి అనుకున్నదంతా అవ్వ చెయ్యి. పెళ్లై వచ్చినప్పటి నుంచీ ప్రతి దసరాకి ముందు చీర అంచుకి కాస్త రంగు, కంటికి కాటుక, నుదుట బొట్టు. అన్ని ఏళ్ల కమిట్ హిస్టరీని బ్యాకప్ తియ్యకుండా డిలీట్ చేసినట్టయింది నా పని.

తిరుగు ప్రయాణంలో రైల్లో ఇదే బుర్రలో తిరిగింది. మా గుంపులో ఎప్పుడూ ఒక వాదం నడుస్తుంటుంది. పాత లోహపు బొమ్మని కొయ్యొచ్చా, కొయ్యకూడదా అని. కొయ్యకూడదు అనేవాళ్లు, ఆ అచ్చులు మళ్లీ రావు అంటారు. కొయ్యొచ్చు అనేవాళ్లు, ఎనభైల్లో కొన్న పిల్లలు కోసుకునే ఆడారు, ఇది మ్యూజియం కాదు అంటారు. రంగు వదలగొట్టడం గురించి మాత్రం రెండు వైపులా ఎవరూ మాట్లాడరు. అది స్నానం చేయించినట్టు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా ఉద్దేశం తలకిందులైంది. కోసిన చెయ్యి డబ్బాలో దాచుకుంటే మళ్లీ అతికించొచ్చు. డెటాల్‌లో కరిగిన రంగుని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

అలాగని రంగులే ముట్టుకోవద్దు అనే పెద్దమనుషులతోనూ నేను లేను. అవ్వ ముట్టుకోకపోయి ఉంటే ఆ శెట్టెమ్మ ఎప్పుడో చెరువులో కలిసేది. ఈ రోజుల్లో మనవాళ్లు చేస్తున్నది అదే కదా. వన్నె తగ్గితే పారేసి కొత్త సెట్టు ఆర్డర్ పెట్టడం. దానికంటే చేతకాని కుంచెతో దిద్దుకోవడం వెయ్యి రెట్లు నయం. కాకపోతే పైన వెయ్యాలి, కింద గీకకూడదు. ఊడిపోయిన చోట మాత్రం నింపాలి.

నింపడానికి ఇంగ్లండు పుట్టీ కూడా అక్కర్లేదు. కొండపల్లి వాళ్లు తెల్ల పొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దాంతోనే ముక్కూ చెవులూ దిద్దుతారు. ఆ తర్వాత సున్నం పూత, దాని మీద రంగులు. మేం డబ్బాలు కొని కొట్టే ప్రైమర్ చేసే పని ఆ సున్నమే చేస్తుంది. ఈ పద్ధతి నేను యూట్యూబ్‌లో ఇంగ్లీషు వాళ్ల దగ్గర నేర్చుకుని, నా రాష్ట్రంలోనే ఉందని ఆలస్యంగా తెలుసుకున్నాను. సిగ్గే, ఏం చేస్తాం.

మక్కుతోనే శెట్టెమ్మ చెంప నింపాను. చింతగింజలు మా అమ్మే వేయించి దంచి ఇచ్చింది, తిడుతూనే. సున్నం ఆరాక చెంపకి పసుపు రంగు నేను వేశాను. కళ్లు, బొట్టు వెయ్యలేదు. కుంచె అవ్వకిచ్చాను. చూపు సరిగా ఆనదు, చెయ్యి వణుకుతుంది, బొట్టు కొంచెం పక్కకి పోయింది. అలాగే ఉంచేశాం.

బెంగుళూరు వచ్చాక డబ్బాలో ఇంకో పదకొండు గోబ్లిన్లు కనబడ్డాయి. వదలగొట్టడానికని తెచ్చి పెట్టుకున్నవి. వాటి మీద ఎవరో పిల్లాడు మందపాటి మెరిసే ఎనామిల్ పూశాడు. ఒకదానికి కళ్లు రెండూ ఒకే పక్కన ఉన్నాయి. ఆ పిల్లాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. పదింటికి పైపైన దిద్దుతున్నాను. కళ్లు ఒకే పక్కన ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు, అది డెస్కు మీదకి వచ్చేసింది.

శెట్టెమ్మని ఈసారి మూడో మెట్టు మీద, శెట్టి పక్కనే, కాస్త తిప్పి పెట్టారు. కుడి చెంప కనబడేలా.