దోషము శ్రవణమునదా? శ్రోతదా?

శ్రవ్యనాటకము అసంపూర్ణ నాటకమనియు, కావ్యమును కంటికి చూపక చెవికి మాత్రమే వినిపించుట వంచనకు ద్వారము తెరచుటయే యనియు కొందరు వాదించుచున్నారు. వారు చూపు దృష్టాంతము ప్రసిద్ధమైనది. 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అమెరికాలోని సి.బి.ఎస్. రేడియోలో ఆర్సన్ వెల్స్ బృందము, హెచ్.జి. వెల్స్ 1898లో గ్రంథరూపమున వెలువరించిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలను నాటకముగా ప్రసారము చేసెను. కుజగ్రహవాసులు భూమిపై దండెత్తిరను కల్పనను సత్యమని నమ్మి కొందరు శ్రోతలు భయభ్రాంతులైరి. చెవి యెంత సులభముగా మోసపోవునో చూడుడని పూర్వపక్షి ఉత్సాహము.

ఈ వాదము నిలువదు. మసకచీకటిలో రజ్జువును సర్పమని భ్రమించునది కన్నే కదా! అంతమాత్రమున ప్రత్యక్షమును ప్రమాణకోటినుండి తొలగించిన ఆస్తికదర్శన మొక్కటియు లేదు. కంటికి చూపిన దయ చెవికేల చూపరు?

ఇక జరిగినదేమి? అది నాటకమని ఆరంభముననే ప్రకటించిరి. నడుమను, చివరను మరల చెప్పిరి. అయితే హోవార్డ్ కాచ్ తొలిభాగమును వార్తాప్రకటనల రూపమున రచించెను. నృత్యసంగీతము సాగుచుండగా ఆపి వార్త చెప్పుట, మరల సంగీతము. వార్త చెప్పు కంఠము లోకమునకు ఆప్తుని కంఠము. నడుమ చేరినవాడు దానిని ఆప్తవాక్యముగా గ్రహించెను. తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు చెప్పిన షడ్లింగములలో మొదటిది ఉపక్రమోపసంహారములు. ఆ రెంటినీ విడచి నిర్ణయించినవానికి కలుగునది శాబ్దబోధ కాదు, భ్రాంతి. పైగా ఆ భయమును మరునాటి పత్రికలు కొండంత చేసి వ్రాసెనని తరువాతి పరిశోధకులు తేల్చిరి. అనగా అతిశయోక్తి చెవిది కాదు, కంటితో చదివిన అచ్చుది!

అసంపూర్ణమనుటయు అవిచారమే. అదే బృందము ఆ సంవత్సరము జూలైలో 'డ్రాక్యులా', 'ట్రెజర్ ఐలండ్', 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్' నవలలను ఒక్కొక్క గంట నాటకములుగా వినిపించెను. ఆంగికాహార్యములు లేకున్నను వాచికము నిలిచెను. సాత్త్వికములలో స్వరభేదము చెవికే గోచరము. రూపమును శ్రోత మనస్సు నిర్మించుకొనవలెను. ధ్యానశ్లోకమును విని భక్తుడు చేయు పనియు అదియే.

ఈ విచారము అమెరికాతో ముగియదు. నేడు గీతాప్రవచనమును సెల్‌ఫోనులో అరనిమిషపు తునకగా విని, కృష్ణుడు యుద్ధమునే బోధించెనని తీర్పు చెప్పువాడు, ఆ రాత్రి నడుమ చేరిన శ్రోతకు సోదరుడే. శోకముతో ఆరంభమై శోకనివృత్తితో ముగియు శాస్త్రమున, ఆద్యంతములు రెండును వాని చెవిని బడలేదు. ఆనాటి శ్రోతకు పోయినది ఒక రాత్రి నిద్ర. వీనికి పోవునది శాస్త్రార్థము.

నవవిధభక్తులలో శ్రవణము మొదటిది. దానిని నిందించుట మాని, ఆదినుండి తుదివరకు వినుట అభ్యసింపవలెను.

ఇతి శమ్.