మందిరానికి హార్మోనియం కొత్తదా, పాతదా?

కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ నాలుగు మూటలు ఎక్కువ పండిన ఏడాది భజన మందిరానికి చందాలు పోగవుతాయి. కుర్రకారు కీబోర్డు అంటారు, పెద్దలు హార్మోనియం అంటారు. వానలు ఎగ్గొట్టిన ఏడు దాన్ని అమ్మాల్సి వస్తే చేతికెంత వస్తుందో మాత్రం ఎవరూ లెక్క వేయరు.

కీబోర్డులో కొత్త రకం వచ్చిందంటే పాతదాన్ని అడిగేవారు తగ్గిపోతారు. హార్మోనియానికి ఆ బెడద తక్కువ. ఇత్తడి రీడ్లు బాగుంటే చాలు, చిరిగిన తిత్తిని అతికించుకోవచ్చు. 1940లో ఆకాశవాణి దాన్ని బహిష్కరించినా (1971లో సడలించిందిలెండి) భజనలూ, పద్యనాటకాలూ వదల్లేదు.

మమ్మల్నడిగితే పాతదే మేలు. కొత్తదనం పోయిన నష్టం మొదట కొన్నాయనే భరించి ఉంటాడు. వాయించేవాణ్ణి వెంట తీసుకెళ్లండి. మెట్లు నొక్కకుండా తిత్తి ఆడించి చూడండి. గాలి కారుతుంటే ధర తగ్గించమనండి. రసీదు మందిరం పేరునే రాయించాలి. ఒకరి పేరున ఉంటే అమ్మేనాడు తగాదా.