చెరువు బాగుంటేనే పట్నం బాగు

ఎండకాలం ఆదిలాబాద్ బజారులో కూరగాయలమ్మే అవ్వకు కావాల్సింది నెత్తిమీద ఇంత నీడ. వానకాలం కరీంనగర్ లోతట్టు వాడలకు కావాల్సింది నీళ్లు పోయే తొవ్వ. ఈ రెండూ ఒక్క సిమెంటుతో తీరేవి కావు. అందుకే ఈ సంచికను చెట్లకు, చెరువులకు కేటాయించాం.

మన పెద్దల ఏర్పాటు తెలివైనది. పై చెరువు నిండి మత్తడి దుంకితే, ఆ నీరు కింది చెరువుకు చేరేది. కాలువలు పూడి, శిఖం భూముల్లో ఇళ్లు లేచినచోటల్లా ఆ గొలుసు తెగింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం 46 వేలకు పైగా చెరువుల బాగు తలపెట్టింది; పూడిక మట్టి పొలాలకు సారమైంది. పట్టణ చెరువులకూ అంతే పట్టుదల కావాలి.

కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట, ఆదిలాబాద్‌లో మావల హరితవనం సాయంత్రాలు జనానికి హాయినిస్తున్నాయి. అక్కడిదాకా పోలేని బీడీ కార్మికురాలి వాడకూ ఆ చల్లదనం అందాలి. వాడవాడకూ వేప, కానుగ నాటి బతికించుకుందాం. చెరువులకు హద్దురాళ్లు పాతాలి, బతుకమ్మను సాగనంపే నీళ్లలో మురుగు కలవకుండా ఆపాలి. మున్సిపల్ బడ్జెట్‌లో రోడ్డుతో సమానంగా చెరువుకూ పద్దు ఉండాలని మన కౌన్సిలర్లను గట్టిగా అడుగుదాం.

– సంపాదకుడు