రెండో రోజు వాపు

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఎమర్జెన్సీ దగ్గర నిలబడితే తెలుగు వినపడుతూనే ఉంటుంది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి, కోలారు పల్లెల నుంచి, బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లను ఇక్కడికి తెస్తుంటారు. వెంట వచ్చినవాళ్లు డాక్టర్లను అడిగే ప్రశ్న ఒకటుంది: "నిన్న మాట్లాడాడు కదా సార్, ఇవాళ మెదడు వాచిందంటారేంటి?"

జవాబులో ఒక భాగం మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో ఉంది. ఒంట్లో చాలా చోట్ల ఈ గోడలు కాస్త వదులుగా ఉంటాయి. మెదడులో మాత్రం గోడ కణాలను ఒకదానికొకటి బిగించి పట్టే ప్రొటీన్లున్నాయి: క్లాడిన్-5, ఆక్లూడిన్, వాటిని లోపలి నుంచి ఊతంగా పట్టుకునే జడ్‌ఓ-1. మోదుగాకు విస్తరిని పుల్లలతో దగ్గర దగ్గరగా కుడితే చారు కారదు. కుట్టు ఊడితే, ఆకు చిరగకపోయినా కారుతుంది. దెబ్బ తగిలిన క్షణంలో కొన్ని నాళాలు చిట్లుతాయి. చిట్లనివాటిలో కూడా తర్వాతి గంటల్లో, రోజుల్లో ఎంఎంపీ-9 లాంటి ఎంజైములు ఆ ప్రొటీన్లను తెంచేస్తాయి. రక్తంలోని నీరు మెదడులోకి ఊరుతుంది. పుర్రె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి, మెదడుకు రక్తం అందడం తగ్గుతుంది. ఆ నీటిని లాగడానికి మానిటాల్ ఎక్కిస్తారు గానీ, ఆ మందు సరిగ్గా పనిచేయాలన్నా గోడ బిగువుగానే ఉండాలి.

మరి ఆ ప్రొటీన్లను కాపాడే మందు? ఇంకా లేదు. కనిపెట్టే దారి తేలికా కాదు. క్లాడిన్-5 లేకుండా పుట్టించిన ఎలుకపిల్లలు పది గంటల్లోపే చనిపోయాయని జపాన్ శాస్త్రవేత్తలు 2003లో చూపించారు. 2012లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు, దెబ్బ తగిలిన ఎలుకల్లో అదే ప్రొటీన్‌ను కొంతకాలం తగ్గించి చూస్తే వాపు తగ్గింది. ఇరుక్కున్న నీరు వెనక్కి పోవడానికి దారి దొరికిందన్నమాట. ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి, ఎంతసేపు? మనిషి విషయంలో దీన్ని ఎలుకలు తేల్చలేవు. వాపు తగ్గుతుందనే నమ్మకంతో తల దెబ్బలకు దశాబ్దాల పాటు స్టెరాయిడ్లు ఇచ్చారు. 10,008 మంది మీద జరిపిన క్రాష్ పరీక్ష 2004లో బయటికొచ్చాక తెలిసింది, వాటివల్ల చావులు పెరిగాయని. ఆ సంగతి గుర్తొస్తే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అందుకే మనిషి మెదడునే చూడాలి. అలా చూసే చోటు ఈ ఊళ్లోనే ఉంది. సుసర్ల కృష్ణ శంకర్ గారి చొరవతో నిమ్హాన్స్‌లో 1995లో మొదలైన బ్రెయిన్ బ్యాంకు అది. కుటుంబాలు ఒప్పుకుని ఇచ్చిన మెదళ్లను అక్కడ భద్రపరిచి పరిశోధకులకు అందిస్తారు. నిమ్హాన్స్ వాళ్లు, ఇక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్లు కలిసి, తల దెబ్బతో చనిపోయినవాళ్ల మెదళ్లలో కమిలిన చోటునూ దాని చుట్టూ ఉన్న భాగాన్నీ విడివిడిగా పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. కమిలిన చోట రక్తపు చుక్కలు, గడ్డలు, చచ్చిపోతున్న నాడీకణాలు. చుట్టూ ఉన్న అంచులో వాపు, నశించిన నాడీ తంతువులు. రెండు చోట్లా మారిన ప్రొటీన్లు వేరు. రేపు ఏ మందు వచ్చినా అది కాపాడగలిగేది ఈ అంచునేనని నా నమ్మకం.

ఈలోగా చేతిలో ఉన్నవి కొన్నే. దారిలో ఆక్సిజన్ తగ్గినా, బీపీ పడిపోయినా నష్టం పెరుగుతుంది. కాబట్టి అనంతపురం నుంచి రెండొందల కిలోమీటర్లు పరుగెత్తించే ముందు దగ్గరి ఆసుపత్రిలో ఆ రెండూ నిలబెట్టించాలి. ఇక హెల్మెట్. 2022లో దేశంలో అది పెట్టుకోకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఎక్కువగా మన ఆడవాళ్లూ పిల్లలూ కూర్చునే చోటది.

ఇక ఆ బ్యాంకుకు మెదడు ఇచ్చే సంగతి. నేత్రదానమంటే మన ఇళ్లలో ఇప్పుడెవరూ ఉలిక్కిపడరు. మెదడు ఇవ్వమంటే మాత్రం "శవాన్ని కోస్తారా" అంటారు. ప్రమాదంలో పోయినవాళ్లకు పోస్టుమార్టం ఎలాగూ జరుగుతుంది, అందులో తల తెరుస్తారు. ముఖం చెడదు, దేహం ఇంటికి వస్తుంది. అయితే మెదడును కొన్ని గంటల్లోనే భద్రపరచాలి. మార్చురీ గుమ్మంలో ఈ మాట మొదటిసారి విన్న తల్లి సరేనని ఎలా అంటుంది? నేను మా ఇంట్లో నా సంగతి చెప్పేశాను. మీరూ ఈ ఆదివారం భోజనాల దగ్గర ఆ మాట ఎత్తండి.