తోటి ఉద్యోగికి చెప్పవలసిన మాట

డి.ఏ. వాయిదాలు, పెన్షన్, ఖాళీల భర్తీ వంటి సమస్యలను ఈ పుటలలో తరచు చర్చిస్తున్నాం. మన డిమాండ్ల పత్రంలో ఏనాడూ చోటు చేసుకొనని ఒక విషయాన్ని ఈసారి సభ్యుల ముందుంచదలచాం. మనలో ఒకరు అపరిశుభ్రంగా పనిచేస్తూ, పక్కవారి హద్దులు దాటి ప్రవర్తిస్తున్నప్పుడు సంఘం ఏమి చేయాలి? ఒకరు విడిచిన దుప్పటినే రన్నింగ్ రూములో కప్పుకొని పడుకొన్న లోకో పైలట్‌కు, ఇరుకైన తపాలా కౌంటరు వెనుక రోజంతా భుజాలు ఆనించి కూర్చున్న గుమాస్తాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే దాని తీవ్రత పూర్తిగా తెలిసివచ్చేది ఆసుపత్రి వార్డులోనే. అక్కడ ఉద్యోగి అశ్రద్ధకు మూల్యం చెల్లించేది రోగి.

పుదుచ్చేరి పట్టణానికి వైద్యంతో పాత అనుబంధం ఉన్నది. 1823లో ఫ్రెంచివారు ఇక్కడ నెలకొల్పిన వైద్య పాఠశాల నేటి జిప్మర్‌కు మూలం. చుట్టుపట్ల తమిళ జిల్లాల నుండే గాక, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి తీరంలో ఉన్న మన యానాం నుండి కూడా రోగులు, ఉద్యోగార్థులు ఈ పట్టణానికి వస్తారు.

కొంతకాలం క్రిందట ఇక్కడి ఒక ఆసుపత్రి నుండి ఇద్దరు యువ నర్సులు మా వద్దకు వచ్చారు. వారి వార్డులో చాలాకాలపు సర్వీసు గల స్టాఫ్ నర్సు ఒకడు, సంఘ సభ్యుడే, ఒక రోగికి కట్టు విప్పిన చేతులతోనే మరొక రోగి సెలైను సూది పట్టుకొంటాడట. మరకలు పడిన యూనిఫారంతోనే మరునాడు డ్యూటీకి వస్తాడట. ఇతరుల తువాలు, నీళ్ల సీసా అడగకుండా వాడుకొంటాడట. అంతటితో ఆగలేదు. మందుల బల్ల వద్ద అవసరం లేకున్నా ఆనుకొని నిలబడడం, భుజం మీద చేయి వేయడం, డ్యూటీ మార్పు మిషతో రాత్రివేళ ఫోన్ చేసి పెళ్లి సంగతులు అడగడం. “అన్నా, ఇది బాగా లేదు” అని వారు చెప్పినందుకు నవ్వే సమాధానం.

అప్పుడు మేము ఏమి చేశాం? “మనవాడే గదమ్మా, మేము చెబుతాం, పై అధికారుల దాకా పోవద్దు” అన్నాం. అతనికి చెప్పినది కూడా టీ కొట్టు దగ్గర, నలుగురిలో, వేళాకోళంగా. అతడు అవమానపడ్డాడు గాని మారలేదు. ఫిర్యాదు ఎవరిదో ఊహించి, డ్యూటీ అప్పగింతలో చెప్పవలసిన సంగతులు కూడా ఆ ఇద్దరికీ చెప్పడం మానివేశాడు. నాలుగు నెలల తరువాత వారిలో ఒకరు బదిలీ కోరుకొని వెళ్లిపోయారు. అతడు ఆ వార్డులోనే ఉన్నాడు. ఈ తప్పులో మా వంతు ఉన్నది. దానిని ఒప్పుకొన్న తరువాతనే ఇతర శాఖలకు సలహా చెప్పడానికి సాహసిస్తున్నాం.

చేతులు కడుగుకొమ్మని చెప్పడం ఎంత కష్టమో వైద్యచరిత్రయే చెబుతుంది. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్ష గది నుండి నేరుగా వస్తున్న వైద్యుల చేతులే బాలింతల మరణాలకు కారణమని గ్రహించి, క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుగుకొనే నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూన్‌లో నూటికి 2కు తగ్గాయి. అయినను సాటి వైద్యులు అనేకులు అంగీకరించలేదు. తమ చేతులు మలినమని ఒప్పుకోవడానికి వృత్తిగర్వం అడ్డు వచ్చింది. తరువాత ఆయన వారిని హంతకులని బహిరంగ లేఖలలో దూషించాడు. విరోధం పెరిగినదే గాని ఆయన మాట చెల్లలేదు. 1865లో మానసిక రోగుల ఆసుపత్రిలో మరణించాడు. తోటివాడి తప్పును కప్పిపుచ్చే గర్వమూ, నిజాన్ని అవమానపరచి చెప్పే తొందరా రెండూ రోగికే నష్టం.

కనుక సంఘం మొదట చూడవలసినది కుళాయిని. వార్డులో నీరు వస్తున్నదా? సబ్బు ఉన్నదా? బట్టలు మార్చుకొనే గది, ఒక్కొక్కరికి ఒక్కొక్క లాకరు ఉన్నవా? సబ్బుతో సరిగా కడుగుకొనడానికి 40 నుండి 60 సెకన్లు పడుతుందనీ, రోగిని తాకకముందు, తాకిన తరువాత, రోగి పరిసరాలను తాకిన తరువాత కూడా చేతులు శుభ్రం చేసుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక్క నర్సుకు వార్డు మొత్తాన్ని అప్పగించిన యాజమాన్యం ఆ సెకన్లను దొంగిలించినట్లే. అది మన డిమాండ్. కాని అదే వసతులతో తక్కినవారు చేతులు కడుగుకొంటున్నప్పుడు వసతుల లోపాన్ని సాకుగా చూపరాదు.

తరువాత మాట. దానిని ఏకాంతంగా, ఆ వ్యక్తి గౌరవించే ఒకరు చెప్పాలి. మన దేశంలో అశుభ్రత అనే నింద తరతరాలుగా కులాన్ని ఎత్తిపొడవడానికి వాడిన ఆయుధమని మరువరాదు. చీపురు పట్టినవారిని అంటరానివారన్న సమాజం మనది. కనుక ఆక్షేపణ మనిషి పుట్టుక మీద గాని, చెమట మీద గాని కాక, చేసిన పని మీదనే ఉండాలి. “నీవు మురికివాడివి” అనడం దూషణ. “నిన్న మూడవ మంచం నుండి నాలుగవ మంచానికి చేతులు కడుగుకొనకుండా వెళ్లావు” అనడం వాస్తవం. ఇంట్లో కష్టం, జబ్బు, తాగుడు ఏదైనా వెనుక ఉన్నదేమో కూడా విచారించాలి. అప్పటికీ మారకపోతే నర్సింగ్ సూపరింటెండెంటుకు వ్రాతపూర్వకంగా తెలపడం ద్రోహం కాదు.

తువాలు, నీళ్ల సీసా తగవులు సంఘం తీర్చవచ్చు. స్త్రీ శరీరం మీద వేసిన చేయి, ఆమె వద్దన్నా ఆగని రాత్రి ఫోన్లు సంఘం సర్దుబాటు చేయదగినవి కావు. 1997 విశాఖ తీర్పు, దాని తరువాత 2013 చట్టం దీనికి మార్గం చూపాయి. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతిచోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. ఫిర్యాదును మూడు నెలలలోగా వ్రాసి ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరి మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు. విచారణ 90 రోజులలో ముగియాలి. రాజీ కూడా ఆమె కోరితేనే. మా మాట నమ్మి ఆ అమ్మాయి ఆగిన నాలుగు నెలలు ఎంత విలువైనవో ఇప్పుడు గ్రహించండి.

ఇట్లు చేస్తే యాజమాన్యానికి మన చేతులతో ఆయుధం అందించినట్లు కాదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వారి భయం నిరాధారం కాదు. ఆరోపణకు గురైన సభ్యునికి తన వాదన వినిపించుకొనే హక్కు ఉన్నది, ఆ హక్కు కొరకు సంఘం నిలబడాలి. కాని అతనికి సహాయపడే బాధ్యుడే ఫిర్యాదు చేసిన సోదరికి సలహా చెప్పరాదు; ఆమె పక్షాన వేరొకరు, వీలైనంతవరకు ఒక మహిళ, ఉండాలి. మేము చేసిన మొదటి పొరపాటు ఇదే. ఇద్దరి తరఫునా మేమే మాట్లాడి, చివరకు ఒక్కరి పక్షానే నిలిచాం.

ఈ పట్టణంలోనే 1936 జూలై 30న సవానా మిల్లు కార్మికులు 12 మంది ఫ్రెంచి పోలీసుల తూటాలకు బలి అయ్యారు. మరుసటి సంవత్సరం ఎనిమిది గంటల పనిదినం శాసనమయింది. పని స్థలంలో మనిషిగా బ్రతకడం కొరకే వారు ప్రాణాలిచ్చారు. ఆ గౌరవాన్ని యజమాని వద్ద అడిగే మనం, పక్కన పనిచేసే సోదరికి ఇవ్వకుండా ఉండరాదు.

రైల్వే, తపాలా శాఖలలోని ప్రతి బ్రాంచికి మా విజ్ఞప్తి ఇది. రాబోయే సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు ఎజెండాలో చేర్చండి: విశ్రాంతి గదులలో నీరు, సబ్బు, ఉతికిన దుప్పట్లు, నోటీసు బోర్డు మీద అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫిర్యాదులు వినడానికి ఒక మహిళా బాధ్యురాలు. ఇకపై ఎవరైనా మన కార్యాలయపు గడప తొక్కి తమ బాధ చెప్పుకొన్నప్పుడు “మనవాడే గదమ్మా” అన్న మాట మన నోట రాకూడదు. ఆమె కూడా మన మనిషే.